అనధికార ఓదార్పు

వేటగిరి పట్టణంలో చాలాకాలం పాటు జనం ఒకరినొకరు ఏ అనుమతీ లేకుండా, ఎవరికి తోచినట్టు వారు ఓదార్చుకుంటూ వచ్చారు. ఆ అరాచకానికి స్వస్తి చెప్పిన ఘనత మున్సిపల్ కమిషనర్ గజేంద్రనాథ్ గారిది.

నిజానికి పైనుంచి వచ్చిన పథకంలో తప్పు పట్టడానికేమీ లేదు. కుర్రవాళ్ళు దిగులుతో కుంగిపోతున్నారు. ఏరియా ఆస్పత్రిలో మానసిక వైద్యుడు ఒక్కడే. అందుచేత కుర్రవాళ్ళకు రోజూ ఎదురుపడే ఉద్యోగులకు, అంటే లైబ్రరీలో, పార్కులో, వ్యాయామశాలలో పనిచేసేవాళ్ళకు, కాస్త శిక్షణ ఇవ్వాలి. ఎవరైనా బాగా దిగులుగా కనిపిస్తే వాళ్ళు గుర్తుపట్టి, నాలుగు మంచి మాటలు చెప్పి, డాక్టరు దగ్గరికి పంపాలి. పథకం పేరు మనోమిత్ర. ఇంతవరకూ అంతా సవ్యంగానే ఉంది. ఆ తర్వాత అది కమిషనర్ గారి బల్ల మీదకు వచ్చింది.

శిక్షణ ఇవ్వడానికి నిపుణుడు కావాలి. ఊళ్ళో ఉన్న నిపుణుడు డాక్టర్ పురంధర్ ఒక్కడే. ఆయన్ని ఆస్పత్రి నుంచి తప్పించి టౌన్‌హాలుకు డెప్యుటేషన్ మీద వేశారు. ఆస్పత్రిలో ఆయన గదికి తాళం పడింది. తలుపు మీద 'డాక్టరు గారు శిక్షణ ఇస్తున్నారు' అని కాగితం అంటించారు. రోగులు వచ్చి, ఆ కాగితం చదువుకుని వెళ్ళిపోయేవారు. చదవడం రానివాళ్ళు కాసేపు కూర్చుని వెళ్ళేవారు.

డాక్టరు గారికి తోడుగా రాజధాని నుంచి తన్మయి అనే కన్సల్టెంటు వచ్చింది. ఓదార్పులో వాడదగిన ఆమోదిత వాక్యాలను ఆమే తెచ్చింది. 'మీరు చెప్తున్నది నేను వింటున్నాను' అన్నది మొదటిది. 'మీ భావన సహజమే' అన్నది రెండోది. 'దీని గురించి ఇంకొంచెం చెప్పగలరా?' అన్నది మూడోది. ఈ మూడూ ఏ వరసలోనైనా వాడుకోవచ్చు. నాలుగో వాక్యం ముసాయిదా దశలో ఉంది.

కమిషనర్ గారు మున్సిపల్ సిబ్బంది అందరినీ శిక్షణలో కూర్చోబెట్టారు. శానిటరీ ఇన్‌స్పెక్టర్ వీరాస్వామి లేచి నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళుగా కాలవలు, చెత్తబళ్ళు చూసినవాడు. అనుమానం ఉంటే అడిగేస్తాడు.

"మేడం, కుర్రాడు ఏడిస్తేనో?"

"ఏడవనివ్వాలి," అంది తన్మయి.

"ఎంతసేపండీ?"

తన్మయి చేతిలోని పుస్తకం తిరగేసింది. "మాడ్యూల్‌లో వ్యవధి ఇవ్వలేదు."

వేదిక మీద కూర్చున్న కమిషనర్ గారు మైకు అందుకున్నారు. "ఇది విధానపరమైన లోటు. ఏడుపు కాలపరిమితి విషయమై తగు స్పష్టత కోరుతూ పైకి రాద్దాం. స్పష్టత వచ్చేదాకా సిబ్బంది తమ విచక్షణ మేరకు ఏడవనివ్వగలరు."

తర్వాత లైబ్రేరియన్ హేమసుందరి చెయ్యెత్తింది. ఆవిడ యాభై దాటిన మనిషి, వాగుడుకాయ. లైబ్రరీలో నిశ్శబ్దం పాటించనిది ఆవిడ ఒక్కతే అని పాఠకులు విసుక్కునేవారు. ఎవరింట్లో ఏం కూర వండారో, ఎవరి పెళ్ళి ఎందుకు తప్పిపోయిందో ఆవిడకు తెలియాల్సిందే.

"ముందు అన్నం తిన్నావా అని అడగొచ్చా అండీ?"

"అడగకూడదు. ఆకలి గురించిన మీ ఊహని అవతలివాళ్ళ మీద రుద్దినట్టవుతుంది."

హేమసుందరి బుద్ధిగా కూర్చుంది. డాక్టర్ పురంధర్ ఏదో చెప్పబోయాడు గానీ, కమిషనర్ గారు అప్పటికే వందన సమర్పణ మొదలుపెట్టారు.

శిక్షణ ముగిసి, అందరికీ మెడలో వేసుకునే బ్యాడ్జీలు ఇచ్చాక, కమిషనర్ గారికి ఒక ఆలోచన వచ్చింది. ఇప్పుడు ఊళ్ళో శిక్షణ పొందినవాళ్ళున్నారు. మరి శిక్షణ లేకుండానే ఇన్నాళ్ళూ ఓదారుస్తున్నవాళ్ళ సంగతేమిటి? వాళ్ళు అర్హత లేకుండా కుర్రవాళ్ళ మనసుల్లో చేతులు పెట్టడం లేదా? మందులషాపుకు లైసెన్సు కావాలి, కోడిమాంసం దుకాణానికి లైసెన్సు కావాలి, మనిషి మనసు వాటికంటే తీసిపోయిందా?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలవారు ఆఫీసులో లేరు. వారంలో సర్క్యులర్ వచ్చింది. "ఇందుమూలముగా పట్టణ ప్రజలకు తెలియజేయడమేమనగా, మనోమిత్ర ధ్రువపత్రము లేని వ్యక్తులు యువతీయువకులను బహిరంగ ప్రదేశములలో గానీ, వీధి నుండి కనబడు అరుగులు, వరండాలలో గానీ ఓదార్చుట, ధైర్యము చెప్పుట, వీపు నిమురుట నిషేధించడమైనది."

దీని కింద మొదట పట్టుబడ్డది బుల్లెమ్మ అనే ముసలావిడ. ఆవిడ మనవడు ఇంటర్ తప్పాడు. గుమ్మంలో కూర్చుని వాణ్ణి ఒళ్ళోకి లాక్కుని, "పోతే పోయిందిలే నాయనా, మళ్ళీ రాద్దువుగాని," అంటూ ఉండగా వీరాస్వామి ఆ వీధిన కాలవ చూడ్డానికి వచ్చాడు.

"మామ్మగారూ, మీకు ధ్రువపత్రం ఉందాండీ?"

"ఏం పత్రం?"

"ఓదార్చడానికండీ."

"వీడు నా కూతురి కొడుకయ్యా!"

"చుట్టరికం అర్హత కింద రాదండీ. నేనేం చెయ్యను, రూలు అట్టా ఉంది. కాస్త పక్కకు జరగండి."

ముసలావిడ జరిగింది. వీరాస్వామి ఆ పిల్లవాడి పక్కన కూర్చుని, బ్యాడ్జీ సరిచేసుకుని, "మీరు చెప్తున్నది నేను వింటున్నాను," అన్నాడు. పిల్లవాడు ఏమీ చెప్పలేదు. వీరాస్వామి దాన్ని కూడా విన్నాడు. తర్వాత లేచి కాలవ దగ్గరికి వెళ్ళాడు.

ఆ నెలలోనే ఇంకో ఉత్తర్వు వచ్చింది. ఒక్కొక్క మనోమిత్ర నెలకు ఇంతమందికి తగ్గకుండా దిగులుపడే యువతను గుర్తించి తీరాలి. దాంతో వేటగిరి కుర్రకారుకు కష్టాలు మొదలయ్యాయి. బస్టాండులో ఒంటరిగా నిలబడ్డవాడి మీద నీటిపన్ను గుమాస్తా పడేవాడు. పార్కులో తలవంచుకుని ఫోను చూసుకునే పిల్ల దగ్గరికి మాలీ పరిగెత్తేవాడు. మెడలో బ్యాడ్జీ కనపడగానే కుర్రవాళ్ళు పళ్ళికిలించి నవ్వడం నేర్చుకున్నారు. దీన్ని కమిషనర్ గారు సమీక్షా సమావేశంలో పసిగట్టారు. "కారణం లేకుండా నవ్వువారిని కృత్రిమ ఉల్లాసం అను శీర్షిక కింద నమోదు చేయవలెను," అన్నారు. ఆ పూట నుంచి కుర్రవాళ్ళకు ఏ మొహం పెట్టుకుని వీధిలోకి రావాలో తెలియకుండా పోయింది. చాలామంది రావడం మానేశారు. వీధుల్లో దిగులుపడే యువత తగ్గిందని జిల్లాకు నివేదిక వెళ్ళింది.

ఇలా పథకం దివ్యంగా నడుస్తున్న రోజుల్లో మురారి సంగతి వచ్చింది.

మురారికి ఇరవై మూడేళ్ళు. తండ్రి సాంబయ్యకు బైపాసు రోడ్డులో లారీల మెకానిక్ షెడ్డు ఉంది. మురారి కానిస్టేబులు ఉద్యోగానికి రెండుసార్లు ప్రయత్నించాడు. రెండుసార్లూ రాతపరీక్ష గట్టెక్కాడు గానీ పరుగు దగ్గర పోయింది. తనతో పాటు మైదానంలో పరిగెత్తిన స్నేహితులు యూనిఫారాలు వేసుకుని తలో ఊరూ వెళ్ళిపోయారు. తండ్రి తిట్టలేదు. మాట్లాడ్డం తగ్గించేశాడు. మురారికి అదే ఎక్కువ బాధనిపించింది. పొద్దున్నే లైబ్రరీకి వచ్చి, కిటికీ పక్క కుర్చీలో, ఒకే పేపరు ముందు పెట్టుకుని కూర్చునేవాడు.

మనోమిత్ర రాకముందు హేమసుందరి వాణ్ణి ఊరికే ఉండనిచ్చేది కాదు. "ఏంట్రా ఆ గడ్డం? ఏ మఠంలో చేరతన్నావ్?" అనేది. బీరువాలు జరిపించేది. తన టిఫిను గిన్నెలో సగం వాడి ముందు పెట్టి, వంకాయ కూర ఎలా ఉందో చెప్పేదాకా నిలబడేది. వాడు విసుక్కునేవాడు, తినేవాడు. ఆవిడ ఏనాడూ వాణ్ణి ఓదార్చాననుకోలేదు. ఆ సంగతి వాడికీ తెలియదు.

శిక్షణ అయ్యాక ఆవిడ మానేసింది. భయంతో కాదు. తన్మయి చెప్పింది విన్నాక, ఇన్నాళ్ళూ తెలియక ఆ పిల్లవాడికి ఏం హాని చేశానో అని నిజంగానే కంగారుపడింది. టిఫిను ఒక్కతే తినేది. మురారి కిటికీ దగ్గర ఒక్కడే కూర్చునేవాడు.

ఒక మధ్యాహ్నం వాడు లేచి ఆవిడ బల్ల దగ్గరికి వచ్చాడు. లైబ్రరీలో ఇంకెవరూ లేరు.

"మేడం, నాకు పొద్దున్నే లెగబుద్ధి కావట్లేదు."

హేమసుందరి తలెత్తింది.

"అదొక్కటే కాదు మేడం. అసలు ఉండాలనే అనిపించట్లేదు."

ఆవిడ నోటిదాకా ఏదో వచ్చింది. ఏం మాట్లాడితే ఏమవుతుందోనని దాన్ని మింగేసి, నేర్చుకున్నది అప్పజెప్పింది.

"మీరు చెప్తున్నది నేను వింటున్నాను."

మురారి బిత్తరపోయి చూశాడు. "ఏంటి మేడం, నన్ను 'మీరు' అంటన్నారు?"

"మీ భావన సహజమే."

"సహజమేనా?" అన్నాడు వాడు మెల్లిగా. కాసేపు ఆ మాటే ఆలోచించాడు. "అయితే సర్లెండి," అని వెనక్కి తిరిగాడు.

హేమసుందరి లేచి వాణ్ణి పట్టుకుని, రూలు ప్రకారం, స్వయంగా వీరాస్వామి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన, కింద తేలని కేసులు చూసే రెండో స్థాయి మనోమిత్ర. వీరాస్వామి వాణ్ణి కూర్చోబెట్టి, ఇంకొంచెం చెప్పగలరా అని అడిగి, విన్నదానికి బెదిరిపోయి, మూడో స్థాయికి పంపాడు. మూడో స్థాయి అంటే కమిషనర్ గారి పేషీలో సమన్వయకర్త. ఆయన "ఈ కేసు నిపుణుల పరిధిలోనిది" అని నిర్ధారించి ఆస్పత్రికి పంపాడు. ఆస్పత్రిలో గదికి తాళం ఉంది. కాగితం కింద కొత్తగా ఇంకో వాక్యం చేర్చారు: 'అత్యవసరమైనచో సమీపములోని మనోమిత్రను సంప్రదించగలరు.'

ఆస్పత్రికి సమీపంలో ఉన్నది లైబ్రరీ.

మర్నాడు మురారి మళ్ళీ హేమసుందరి బల్ల ముందు నిలబడ్డాడు. మొహం కడుక్కోలేదు. "అందరూ నన్ను విన్నారు మేడం," అన్నాడు. "ఇంక చెప్పడానికి నా దగ్గరేం లేదు. మీకోసారి చెప్పి పోదామని వచ్చాను."

హేమసుందరి మెడలో బ్యాడ్జీ తీసి సొరుగులో పడేసింది.

"అన్నం తిన్నావంట్రా?"

వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"తినలా. నీ మొహం చూస్తేనే తెలుస్తంది. ముందీ రెండు ముద్దలు తిను. తిని నాతో రా."

"ఎక్కడికి మేడం?"

"చెప్తాలే. పద."

వాడు తింటున్నంతసేపూ ఆవిడ పక్కనే నిలబడింది. తర్వాత లైబ్రరీకి తాళం వేసి, వాడి భుజం పట్టుకుని ఆటో ఎక్కించింది. దారి పొడుగునా పట్టు వదల్లేదు. ఆటో డ్రైవరుతో వాదించింది, ఎండను తిట్టింది, సాంబయ్యకు ఫోను చేసి, "ఏమయ్యా, లారీలు తర్వాత చూసుకోవచ్చు, ముందు టౌన్‌హాలుకు రా," అని కేకలేసింది.

టౌన్‌హాల్లో ఆ రోజు రెండో విడత శిక్షణ. పక్క మున్సిపాలిటీల సిబ్బంది కూడా వచ్చారు. వేదిక మీద డాక్టర్ పురంధర్ 'వినడం అనే కళ' గురించి ప్రసంగిస్తున్నాడు. అదే ప్రసంగం ఎన్నోసారో ఆయనకే గుర్తులేదు. పక్కన కమిషనర్ గారు వింటున్నట్టు తల ఊపుతున్నారు.

హేమసుందరి మురారిని పట్టుకుని నడిమి దారిలోంచి వేదిక దాకా వచ్చేసింది.

"అమ్మా, ప్రశ్నలు భోజన విరామం తర్వాత," అన్నారు కమిషనర్ గారు.

"ప్రశ్న కాదండీ. మనిషి."

"ఏ స్థాయి నుంచి పంపారు?"

"అన్ని స్థాయిలూ అయిపోయినయ్యండీ. తిరిగి నా దగ్గరికే వచ్చాడు. పిల్లాడు బతకాలని లేదంటన్నాడు. ఈయన తప్ప ఊళ్ళో డాక్టరు లేడు. ఈయనేమో ఇక్కడున్నారు."

డాక్టర్ పురంధర్ మైకు పక్కన పెట్టి వేదిక దిగాడు.

"డాక్టర్ గారూ," అన్నారు కమిషనర్ గారు, "మీరు డ్యూటీలో ఉన్నారు."

"అవునండీ," అని డాక్టరు మురారి దగ్గరికొచ్చాడు. "పేరేంటి బాబూ?"

వేదిక వెనక భోజనం ప్లేట్లు పెట్టే గది ఉంది. వంటవాళ్ళను బయటికి పంపి, రెండు కుర్చీలు వేసుకుని, ఇద్దరూ అందులో కూర్చున్నారు. చాలాసేపు కూర్చున్నారు. డాక్టరు తక్కువ మాట్లాడాడు. అడగాల్సినవి మాత్రం తిన్నగా, దాపరికం లేకుండా అడిగాడు. మురారి మొదట నేలచూపులు చూశాడు, తర్వాత చెప్పాడు, తర్వాత ఏడ్చాడు. వ్యవధి ఎవరూ చూడలేదు.

ఈలోగా బయట సభ ఆగిపోకూడదని కమిషనర్ గారు సిబ్బందిని ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి సాధన చేయించారు. హాలంతా ఒకరికొకరు 'మీరు చెప్తున్నది నేను వింటున్నాను' అని చెప్పుకున్నారు. ఎవరూ ఏమీ చెప్పడం లేదు గనక వినడం చాలా బాగా కుదిరింది.

సాంబయ్య చేతులకు గ్రీజుతోనే వచ్చాడు. గదిలోంచి డాక్టరు బయటికొచ్చి అతన్ని పక్కకు తీసుకెళ్ళాడు. "మీ అబ్బాయికి జబ్బు చేసిందండీ. బద్ధకం కాదు, పొగరు కాదు. మందులు రాస్తాను, తగ్గుతుంది. కొన్నాళ్ళు ఒంటరిగా వదలొద్దు. మీరు మాట్లాడండి."

"ఏం మాట్లాడమంటారండీ?" అన్నాడు సాంబయ్య. "ఏమన్నా అంటే బాధపడతాడేమోనని నోరు మూసుకున్నాను."

"ఏదో ఒకటి. లారీల గురించైనా సరే. వచ్చే వారం మళ్ళీ నా దగ్గరికి తీసుకురండి."

"ఎక్కడికండీ?" అని అడిగింది హేమసుందరి.

వచ్చే వారం డాక్టరుకు వేరే ఊళ్ళో శిక్షణ ఉంది.

ఆ చిక్కును కమిషనర్ గారే విప్పారు. విప్పుతున్నానని ఆయనకు తెలియదు.

విచారణ జరిగింది. హేమసుందరి మీద అభియోగాలు గట్టివే. విధి నిర్వహణలో యువకుణ్ణి 'ఒరేయ్' అని సంబోధించుట, భుజము పట్టుకొనుట, ఆహార విషయమై ప్రశ్నించుట, ఆమోదము లేని వాక్యములు వాడుట. డాక్టర్ పురంధర్ మీద ఒకటే అభియోగం, కానీ దారుణమైనది: శిక్షణ వేళలో రోగికి వైద్యము చేయుట.

"మీరేమైనా చెప్పుకుంటారా?" అని అడిగారు కమిషనర్ గారు.

"పిల్లాడు బతికున్నాడండీ," అంది హేమసుందరి.

"అది అభియోగాల్లో లేదు."

తీర్పు రెండు రోజుల్లో వచ్చింది. హేమసుందరి ధ్రువపత్రం శాశ్వతంగా రద్దయింది. డాక్టర్ పురంధర్‌ను శిక్షకుల జాబితా నుంచి తొలగించి, క్రమశిక్షణ చర్య కింద తిరిగి ఏరియా ఆస్పత్రికి, రోగులను చూసే పనికి తగ్గించి వేశారు. కాలపరిమితి ఒక ఏడాది.

ఆస్పత్రి గది తాళం తీశారు. తలుపు మీది కాగితాన్ని డాక్టరే గోరుతో గీకి తీశాడు.

మురారి ఒక్కరోజులో కోలుకోలేదు. కొన్ని వారాలు మంచం దిగనన్నాడు. అలాంటి రోజుల్లో సాంబయ్య వాణ్ణి మోపెడ్ మీద కూర్చోబెట్టుకుని ఆస్పత్రికి తెచ్చేవాడు. దారిలో గేరుబాక్సుల గురించి, టైర్ల రేట్ల గురించి ఆపకుండా చెప్పేవాడు. మురారికి అందులో సగం అర్థం కాలేదు. కానీ తండ్రి గొంతు మళ్ళీ వినపడుతోంది. వానలు మొదలయ్యేసరికి వాడు షెడ్డులో కూర్చుని లెక్కలు చూడ్డం మొదలుపెట్టాడు. సాయంత్రాలు లైబ్రరీకి వచ్చేవాడు. హేమసుందరి ఇప్పుడు ధ్రువపత్రం లేని మనిషి. ఆవిడ ఎవరితో ఏం మాట్లాడినా నేరమే. ఆవిడ అందరితో మాట్లాడింది. ఒకసారి వీరాస్వామి లైబ్రరీ ముందు నుంచి పోతూ, కిటికీలోంచి ఆవిడ మురారి నెత్తిన మొట్టడం స్పష్టంగా చూశాడు. చూసి, ఎదురుగా ఉన్న కాలవ వైపు తిరిగి, అందులో పూడిక ఎంత పేరుకుపోయిందో చాలా శ్రద్ధగా పరిశీలించాడు.

మనోమిత్ర పథకానికి జిల్లా స్థాయిలో ప్రథమ బహుమతి వచ్చింది. మురారి కేసును విజయగాథగా అచ్చువేశారు. అందులో హేమసుందరి పేరు లేదు, డాక్టరు పేరూ లేదు. మూడు స్థాయిలూ సమన్వయంతో పనిచేశాయని ఉంది.

ఆ సంతోషంలో కమిషనర్ గారికి దయ కలిగింది. శిక్ష అనుభవిస్తున్న డాక్టరును క్షమించి, మళ్ళీ శిక్షకుడిగా తీసుకోవాలనుకున్నారు. జిల్లా అంతటా శిక్షణకు ఆయన అవసరం కూడా ఉంది. స్వయంగా ఆస్పత్రికి వెళ్ళారు. వరండా నిండా జనం. బెంచీలు చాలక నేల మీద కూర్చున్నారు. ఇంటర్ పిల్లలు, వాళ్ళ తల్లులు, ఒక బస్సు కండక్టరు, పార్కు మాలీ, నీటిపన్ను గుమాస్తా. గుమాస్తా కమిషనర్ గారిని చూసి మొహానికి కండువా అడ్డం పెట్టుకున్నాడు.

కమిషనర్ గారు లోపలికెళ్ళి కూర్చున్నారు.

"డాక్టర్ గారూ, మీ శిక్షాకాలం ఇంకా మిగిలి ఉంది. అయినా మేము ఉదారంగా పరిశీలించి రద్దు చేయదలిచాం. మీరు తప్పు తెలుసుకున్నానని, మళ్ళీ చేయనని ఒక్క మాట అంటే చాలు."

డాక్టర్ పురంధర్ ఆలోచించాడు.

"అబద్ధం చెప్పలేనండీ. పొద్దుట్నుంచి ఆ తప్పే చేస్తున్నాను. బయట ఇంకా చాలామంది ఉన్నారు. వాళ్ళందరితోనూ చేస్తాను."

"పశ్చాత్తాపం లేదన్నమాట."

"లేదండీ."

కమిషనర్ గారి మొహం గంభీరమైంది. క్షమించడానికి వచ్చిన మనిషిని ఇలా అవమానించడం ఆయన సర్వీసులో ఎరగరు. "అయితే విధిలేక చెబుతున్నాను. మీ శిక్షను ఇంకో మూడేళ్ళు పొడిగిస్తున్నాం. శనివారాలు కూడా కలుపుతున్నాం."

డాక్టరు తల వంచుకున్నాడు. కమిషనర్ గారు అది సిగ్గు అనుకుని, కొంత తృప్తిపడి, లేచి వెళ్ళిపోయారు.

ఆయన జీపు గేటు దాటేదాకా డాక్టరు తలెత్తలేదు. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకుని, తలుపు వైపు చూసి, "రండమ్మా," అని పిలిచాడు.